ఎవరు తెరిచారో వారే మూయాలి: మా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లోకి డిపెండెన్సీ ఇంజెక్షన్ తెచ్చిన తీరు

గోదాముల సరుకు లెక్కలు చూసే ఒక వెబ్ అప్లికేషన్‌ను మా బృందం కొన్నేళ్లుగా నడుపుతోంది. అది పైథాన్‌లో, ఫ్లాస్క్ అనే చిన్న వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద మేమే కట్టుకున్న ఒక పొరపై నడుస్తుంది. లాగిన్, అనుమతులు, ఆడిట్, నేపథ్యంలో సాగే పనులు అన్నీ ఆ పొరలోనే ఉన్నాయి కనుక దాన్ని మేమందరం ఫ్రేమ్‌వర్క్ అనే పిలుస్తాము. ఒక మధ్యాహ్నం టెస్టులు నడుస్తుండగా ఒక గోదాము మేనేజర్ ఫోనుకు సరుకు బయలుదేరిందని నిజమైన ఎస్సెమ్మెస్ వెళ్లింది. సరుకేదీ బయలుదేరలేదు. ఆయన లోడింగ్ దగ్గరికి మనిషిని పంపి, లారీ కనబడకపోయేసరికి మాకు ఫోన్ చేశారు.

టెస్టు డేటాలోకి ఒక నిజమైన నంబరు వచ్చి చేరడం, టెస్టులు నడిచే యంత్రంలో అసలు ఎస్సెమ్మెస్ ఖాతా తాళంచెవి ఉండడం అనే రెండు తప్పులను ఆ వారమే సరిదిద్దాము. మూడోది అంత తేలికగా పోయేది కాదు. ఆ టెస్టులో ఎస్సెమ్మెస్ ఫంక్షన్‌కు బదులు మాక్, అంటే ఉత్తుత్తి ఫంక్షన్, పెట్టే ఉంది. అయితే పైథాన్‌లో ప్యాచ్ చేసేది, అంటే టెస్టు కోసం మార్చిపెట్టేది, ఫంక్షన్‌ను కాదు, ఏదో ఒక మాడ్యూల్‌లో దానికున్న పేరును. వ్యూ, అంటే ఒక రిక్వెస్ట్‌కు జవాబిచ్చే ఫంక్షన్, ఉన్న ఫైలు ఆ ఎస్సెమ్మెస్ ఫంక్షన్‌ను మొదటి వరుసల్లోనే తన పేర్లలోకి ఇంపోర్ట్ చేసుకుంది. టెస్టు మాత్రం ఫంక్షన్ పుట్టిన మాడ్యూల్‌లోని పేరును మార్చింది. వ్యూ తన దగ్గరున్న పేరునే పిలిచింది. మాక్‌ను ఎవరైనా పిలిచారా అని టెస్టు అడగలేదు కనుక అది పాసయింది. వ్యూకు ఏమేమి కావాలో వ్యూ ఎక్కడా చెప్పదు, దాని లోపలి వరుసలన్నీ చదివితే తప్ప తెలియదు అన్నదే అసలు లోపమని ఆ సాయంత్రం మాకు స్పష్టమైంది. కోడుకు కావలసినవాటిని అది తానే వెతుక్కోకుండా బయటి నుంచి అందించే పద్ధతిని, అంటే డిపెండెన్సీ ఇంజెక్షన్‌ను, ఫ్రేమ్‌వర్క్‌లోనే పెట్టాలన్న నిర్ణయం అక్కడ మొదలైంది.

ఈ పేరు 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. జావా భాష వైపు స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్, తరువాత 2007లో గూగుల్ జ్యూస్ (Guice) దాన్ని రోజువారీ అలవాటుగా మార్చాయి. 2016లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ దాన్ని ఫ్రేమ్‌వర్క్ గుండెలోనే పెట్టింది. పైథాన్‌లో మాడ్యూలే ఒక సింగిల్టన్‌లా, అంటే ప్రోగ్రాం మొత్తానికి ఒకే వస్తువులా పనిచేస్తుంది, కావలసినదాన్ని ఇంపోర్ట్ చేసుకుంటే సరిపోతుంది, అందువల్ల ఆ అవసరం చాలాకాలం ఎవరికీ తోచలేదు. పైగా ఫ్లాస్క్‌లో రిక్వెస్ట్, కరెంట్ యాప్, జి అనే పేర్లను ఎక్కడి నుంచైనా అందుకోవచ్చు. చిన్న అప్లికేషన్‌కు ఆ సౌలభ్యం వరమే. వ్యూలు వంద దాటాక, రిక్వెస్ట్ సాగినంతసేపు ఏదైనా దాచుకునే చోటైన జి లోకి ఎవరు ఏమి పెట్టారో, ఏ క్రమంలో పెట్టారో తెలియని స్థితి వచ్చింది.

ఫ్లాస్క్‌ను ఉన్నదున్నట్టు వాడుకునేవారు ఇదంతా సొంతంగా రాయనవసరం లేదు. ఫ్లాస్క్ ఇంజెక్టర్ వంటి లైబ్రరీలు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టడమే మంచిది. మా పనుల్లో సగం వెబ్ రిక్వెస్టులు కావు. నేపథ్య పనులు నడిపే సెలెరీ ద్వారా సాగే పనులు, అర్ధరాత్రి లెక్కలు సరిచూసే కమాండ్లు కూడా అదే కోడును పిలుస్తాయి. రిక్వెస్ట్ ఉంటేనే బతికే ఏర్పాటు మాకు సగం ఇల్లు కట్టినట్టే అవుతుంది. అందుకే కొన్ని వందల వరుసల్లో మాకు తగినది మేమే రాసుకున్నాము.

ఎక్కడ తగిలించాలి

వ్యూకు కావలసినవి దాని సిగ్నేచర్‌లోనే, అంటే పారామీటర్లు రాసే మొదటి వరుసలోనే, ఏ రకం వస్తువో చెప్పే టైప్ హింట్లుగా రాయాలి, ఫ్రేమ్‌వర్క్ వాటిని తయారుచేసి చేతికి అందించాలి. ఇంతవరకు అందరం ఒప్పుకున్నాము. దీన్ని ఏ క్షణంలో చేయాలన్నదే చర్చ. ప్రతి రిక్వెస్ట్‌కు సిగ్నేచర్ చదవడం వృథా. అంతకన్నా ముఖ్యంగా, తప్పు ఉంటే అది ఆ వ్యూను ఎవరో తెరిచిన రోజున గాని బయటపడదు. అందుకని యూఆర్‌ఎల్‌కు వ్యూను నమోదు చేసే చోటే తగిలించాము. నమోదు సమయంలో సిగ్నేచర్ చదివి, యూఆర్‌ఎల్ నియమంలో ఉన్న పేర్లను పక్కకు తీసి, మిగిలిన ప్రతి పారామీటర్‌కు ఏ ప్రొవైడర్ (వస్తువును తయారుచేసి ఇచ్చే ఫంక్షన్) కావాలో ఒక పట్టిక తయారుచేసి పెడతాము. రిక్వెస్ట్ వచ్చినప్పుడు జరిగేది ఆ పట్టిక వెంట నడవడమే. ఏదైనా టైపుకు ప్రొవైడర్ లేకపోతే సర్వర్ లేవదు. ఏ ఫైల్లోని ఏ వ్యూలో ఏ పారామీటర్ దగ్గర లోటు ఉందో చెప్పి ఆగిపోతుంది.

కాగితం మీద ఇది తేలికే. మొదటి రోజే డెకరేటర్ల దగ్గర, అంటే ఫంక్షన్ చుట్టూ మరో పొర చుట్టేవాటి దగ్గర, చిక్కుపడ్డాము. ఫంక్‌టూల్స్‌లోని వ్రాప్స్ వాడిన డెకరేటర్‌ను ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్ దాటి లోపలికి చూస్తుంది, కనుక లోపలి ఫంక్షన్ సిగ్నేచరే మనకు కనిపిస్తుంది. అది మేలే. కానీ మా పాత లాగిన్ డెకరేటర్ వాడుకరిని కనుక్కుని తానే మొదటి ఆర్గ్యుమెంట్‌గా లోపలికి అందించేది. ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ కూడా అదే సిగ్నేచర్ చూసి అదే వాడుకరిని అందిస్తోంది. ఒకే పారామీటర్‌కు రెండు విలువలు వచ్చాయని పైథాన్ మొరపెట్టుకుంది. రెండింటినీ సర్దుబాటు చేసే తెలివైన మార్గం ఏదీ వెతకలేదు; డెకరేటర్లు అనుమతి చూడాలి గాని వస్తువులు అందించకూడదని నియమం పెట్టి, అలా అందించే ప్రతి డెకరేటర్‌ను మార్చాము. పని ఎక్కువైంది, కానీ వ్యూ చేతికి ఏది ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు ఒకే జవాబు ఉంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. పైథాన్ మార్పుల ప్రతిపాదనల్లో ఒకటైన పెప్ 563తో, పైథాన్ 3.7 నుంచి ఫైలు మొదట్లో ఒక వరుస చేరిస్తే టైప్ హింట్లన్నీ మాటలుగానే, అంటే స్ట్రింగులుగానే నిలిచిపోతాయి. వాటిని తిరిగి అసలు టైపులుగా మార్చడానికి టైపింగ్ మాడ్యూల్‌లో ఫంక్షన్ ఉంది, అయితే ఆ పేరు ఆ మాడ్యూల్‌లో నిజంగా ఉండాలి. మా కోడులో వలయంగా తిరిగే ఇంపోర్టులను తప్పించడానికి చాలామంది టైపుల ఇంపోర్టులను టైప్ పరీక్షకు మాత్రమే నడిచే షరతు కింద పెట్టారు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ పేర్లు లేనే లేవు. పేరు దొరకకపోతే వదిలేసి, పారామీటర్ పేరును బట్టి ఊహించుదామని ఒకరు అన్నారు. నేను గట్టిగా వ్యతిరేకించాను. ఊహించే ఇంజెక్షన్ పనిచేసినన్నాళ్లు బాగుంటుంది, తప్పు వస్తువును అందించిన రోజున దానికి సంబంధించిన ఒక్క వరుస కూడా కోడులో కనబడదు. ఇంపోర్టును పైకి తీసుకురమ్మని చెప్పి ఆగే ఎర్రర్ రాశాము. దానివల్ల విడదీయవలసి వచ్చిన మాడ్యూళ్లు నిజానికి ముందునుంచే విడిగా ఉండవలసినవి.

ఆయుష్షు

వస్తువులను తయారుచేయడం చిన్న విషయమని, అవి ఎంతకాలం బతకాలన్నదే పెద్ద విషయమని ఈ పని నాకు నేర్పింది. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో ఉన్నట్టే మేమూ మూడు ఆయుష్షులు పెట్టుకున్నాము: అప్లికేషన్ ఉన్నంతకాలం ఒకటే, ఒక పని ఉన్నంతకాలం ఒకటే, అడిగినప్పుడల్లా కొత్తది. రెండోదాన్ని రిక్వెస్ట్ అనకుండా పని అన్నది కావాలనే. వెబ్ రిక్వెస్ట్ వస్తే ఒక పని తెరుచుకుంటుంది, సెలెరీ పనికి ఒకటి తెరుచుకుంటుంది, అర్ధరాత్రి కమాండుకూ ఒకటి. లోపలి కోడుకు తనను ఎవరు పిలిచారో తెలియదు, తెలియనవసరం లేదు. ప్రస్తుత పనిని పైథాన్‌లోని కాంటెక్స్ట్‌వార్‌లో (ఎవరి విలువను వారికి విడిగా ఉంచే చోట) ఉంచాము. థ్రెడ్‌కు కట్టేసి ఉంటే అసింక్ వ్యూలలో ప్రస్తుత పని తప్పిపోయే ప్రమాదం ఉండేది.

పరీక్షా సర్వర్‌లో పెట్టిన రెండో రోజు ఆడిట్ పట్టిక చూసి అందరం నిర్ఘాంతపోయాము. ఉదయం నుంచి జరిగిన ప్రతి మార్పూ ఒకే ఒక టెస్టర్ పేరు మీద ఉంది. ఆమె ఆ రోజు అందరికన్నా ముందు లాగిన్ అయింది, అంతే. ఆడిట్ రాసే వస్తువును అప్లికేషన్ ఆయుష్షుతో నమోదు చేశాము, అది తనకు ప్రస్తుత వాడుకరి కావాలని సిగ్నేచర్‌లో చెప్పింది, మొదటి రిక్వెస్ట్‌లో తయారైనప్పుడు అప్పటి వాడుకరిని పట్టుకుని ఇక వదల్లేదు. పొట్టి ఆయుష్షు ఉన్నదాన్ని పొడవాటి ఆయుష్షు ఉన్నది బందీ చేసుకోవడం అనే ఈ తప్పు ఈ రంగంలో క్యాప్టివ్ డిపెండెన్సీ పేరుతో అందరికీ తెలిసినదే. దాని గురించి చదివి కూడా మేము చేశాము. ఇదే అసలు సర్వర్‌లో జరిగి ఉంటే, ఎవరి సంతకంతో సరుకు కదిలిందన్న రికార్డు ఒక రోజంతా అబద్ధం చెప్పేది. గోదాము మనుషుల ఉద్యోగాలు ఆ రికార్డు మీద ఆధారపడి ఉంటాయి.

అందుకని ఎవరిమీద ఎవరు ఆధారపడ్డారన్న గ్రాఫ్ మొత్తాన్ని సర్వర్ లేచేటప్పుడే నడిచి చూస్తాము. అప్లికేషన్ ఆయుష్షు ఉన్నదాని కింద ఎంత లోతులోనైనా పని ఆయుష్షు ఉన్నది కనిపిస్తే, మొదటి నుంచి చివరి వరకు దారి మొత్తం ముద్రించి ఆగిపోతుంది. వలయాలను కూడా అదే నడకలో పట్టుకుంటాము. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ ఈ ఆయుష్షుల పరీక్షను మామూలుగా డెవలప్‌మెంట్ వాతావరణంలో మాత్రమే చేస్తుంది. మేము అన్నిచోట్లా చేస్తాము.

ఇక్కడ గ్రాఫ్‌ను పరీక్షించడం వేరు, వస్తువులను తయారుచేయడం వేరు అని గుర్తుంచుకోవాలి. మొదట్లో పరీక్ష తోపాటే డేటాబేస్ ఇంజిన్ కూడా తయారయ్యేది. పైథాన్ వెబ్ సర్వర్ గునికార్న్‌ను అప్లికేషన్ ముందే లోడ్ చేసే విధంగా నడిపినప్పుడు మాతృ ప్రక్రియలో తెరిచిన కనెక్షన్లను పిల్ల ప్రక్రియలన్నీ పంచుకుంటాయి, ఒకరి ప్రశ్నకు వచ్చిన జవాబు ఇంకొకరు చదివే పరిస్థితి వస్తుంది. ఇప్పుడు పరీక్ష టైపుల మీదనే జరుగుతుంది; వస్తువు మొదటిసారి అడిగినప్పుడు, తాళం (లాక్) పట్టుకుని, ఆ ప్రక్రియలోనే తయారవుతుంది.

మూసే వేళ

ప్రొవైడర్లను జనరేటర్లుగా, అంటే యీల్డ్ దగ్గర ఆగి తరువాత కొనసాగే ఫంక్షన్లుగా, రాసే వీలు కల్పించాము: యీల్డ్‌కు ముందు తెరవడం, తరువాత మూయడం. పని ముగిసినప్పుడు కాంటెక్స్ట్‌లిబ్‌లోని ఎగ్జిట్‌స్టాక్ వాటిని తెరిచిన క్రమానికి తలకిందులుగా మూస్తుంది. ప్రశ్న ఒక్కటే మిగిలింది. పని ఎప్పుడు ముగిసినట్టు?

వ్యూ రెస్పాన్స్ ఇచ్చిన వెంటనే ముగిసినట్టని మొదట అనుకున్నాము. కొన్నాళ్లకు అసలు సర్వర్‌లో ప్రతి నెలాఖరునా ఒక ఎర్రర్ కనిపించసాగింది: పూల్ పరిమితి 5, అదనం 10, రెండూ నిండాయి, 30 సెకన్లు వేచి చూసి విరమించాను అని. అవి డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లైబ్రరీలోని కనెక్షన్ పూల్‌కు (తెరిచి పంచుకునే కనెక్షన్ల నిల్వకు) మామూలుగా ఉండే విలువలే, అంటే ఒక ప్రక్రియకు పదిహేను కనెక్షన్లు. పదిహేనూ ఎవరి దగ్గర ఉన్నాయో తెలియలేదు. పూల్ పెంచుదామన్న సూచన సహజంగానే వచ్చింది. కారణం తెలియకుండా పెంచితే నెలాఖరు ఎర్రర్ సంవత్సరాంతానికి వాయిదా పడుతుందే తప్ప పోదు అని ఆగాము.

నెలాఖరున మేనేజర్లందరూ చేసేది సరుకు రిజిస్టర్‌ను సీఎస్‌వీగా దించుకోవడం. ఆ వ్యూ వరుసలను ఒక్కొక్కటిగా పంపే జనరేటర్‌ను రెస్పాన్స్‌గా ఇస్తుంది. జనరేటర్‌లోని కోడు వ్యూ ముగిసిన తరువాత, సర్వర్ బైట్లు పంపేటప్పుడు నడుస్తుంది. అప్పటికి మేము సెషన్‌ను, అంటే డేటాబేస్‌తో ఆ పని సాగించే సంభాషణను, మూసేశాము. మూసిన సెషన్ మీద క్వెరీ వేస్తే ఎర్రర్ వచ్చి ఉంటే మొదటి రోజే పట్టుకునేవాళ్లం. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సెషన్‌ను మూయడమంటే దాన్ని కొత్తదానిలా తుడిచి పెట్టడమే. మళ్లీ వాడితే మాట్లాడకుండా పూల్ నుంచి ఇంకో కనెక్షన్ తీసుకుని పనిచేస్తుంది. ఆ రెండో కనెక్షన్‌ను మూయవలసినవారు ఎవరూ లేరు. సెషన్, దాని ట్రాన్సాక్షన్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కనుక, పైథాన్ చెత్త ఏరే యంత్రాంగం అటువైపు వచ్చేదాకా ఆ కనెక్షన్ తిరిగి పూల్‌కు చేరదు. మామూలు రోజుల్లో ఒకటి రెండు డౌన్‌లోడ్లు, ఏమీ తెలియలేదు. నెలాఖరున పదిహేను దాటాయి.

పరిష్కారం ఫ్లాస్క్ కింద ఉండే వెర్క్‌జ్యూగ్ లైబ్రరీలోనే ఉంది. వెబ్ సర్వర్‌కూ పైథాన్ అప్లికేషన్‌కూ మధ్య ఒప్పందమైన పెప్ 3333 ప్రకారం రెస్పాన్స్ పంపడం పూర్తయినా, మధ్యలో తెగిపోయినా సర్వర్ దాని క్లోజ్‌ను పిలవాలి. ఆ సమయంలో నడవవలసిన ఫంక్షన్‌ను రెస్పాన్స్‌కు కట్టే వీలు వెర్క్‌జ్యూగ్ ఇస్తుంది. పనిని మూయడాన్ని అక్కడికి మార్చాము. అయితే అంతటితో సరిపోదని మరుసటి వారం కోడు సమీక్షలో తేలింది. అప్పటివరకు సెషన్ ప్రొవైడరే యీల్డ్ తరువాత కమిట్ చేసేది, అంటే మార్పులను డేటాబేస్‌లో ఖాయం చేసేది. మూయడం ఆలస్యమైతే కమిట్ కూడా ఆలస్యమవుతుంది: వాడుకరికి సరుకు నమోదైందని 200 (అంతా సవ్యమనే జవాబు) వెళ్లిపోయాక కమిట్ విఫలమైతే, చెప్పిన మాటను వెనక్కి తీసుకునే దారి లేదు. అందుకని రెండింటినీ విడదీశాము. కమిట్ వ్యూ ముగియగానే, రెస్పాన్స్ బయటికి వెళ్లకముందే జరుగుతుంది. మూయడం చివరి బైటు వెళ్లాక. వ్యూలో ఎర్రర్ వస్తే ఆ సంగతిని పని తనలో గుర్తుపెట్టుకుని, మూసేటప్పుడు ప్రొవైడర్లకు అందిస్తుంది.

మరో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్‌ఏపీఐ కూడా 2023 డిసెంబరులో వచ్చిన 0.106 వెర్షన్‌లో యీల్డ్ తరువాతి కోడు నడిచే వేళను మార్చుకుంది. ఇంత విస్తృతంగా వాడే ఫ్రేమ్‌వర్క్ కూడా ఈ వేళ దగ్గర ఆగి ఆలోచించిందంటే, ఇది మా ఒక్కరి తొందరపాటు కాదని అర్థమైంది. ఇంజెక్షన్ చేర్చదలచినవారు వస్తువులను తయారుచేసి అందించే కంటైనర్ రాయకముందే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పాత కోడు, కొత్త కోడు ఒకే రిక్వెస్ట్‌లో

వందకు పైగా ఉన్న వ్యూలను ఒక్క రాత్రిలో మార్చలేము. కొత్త వ్యూ సిగ్నేచర్ ద్వారా సెషన్ తీసుకుంటుంది. అది పిలిచే పాత ఫంక్షన్ జి నుంచి తీసుకుంటుంది. మొదటి వారంలో ఒక రిక్వెస్ట్ ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క వరుస లేదు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో నడుస్తున్న కనెక్షన్ల పట్టిక తెరిచి చూస్తే రెండు వరుసలు కనిపించాయి. ఒకటి సరుకు వరుసను మార్చడానికి తాళం కోసం ఎదురుచూస్తోంది. రెండోది ఆ తాళం పట్టుకుని, ట్రాన్సాక్షన్ మధ్యలో ఖాళీగా ఉంది. రెండూ మా ఒకే రిక్వెస్ట్‌వి.

కొత్త సెషన్ ఆ వరుసను మార్చి ఇంకా కమిట్ చేయలేదు, పాత సెషన్ అదే వరుసను మార్చబోయి ఆగింది, కొత్త సెషన్ కమిట్ కావాలంటే పాత ఫంక్షన్ తిరిగి రావాలి. ఇది డెడ్‌లాకే, అంటే ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడమే, కానీ సగం వలయం డేటాబేస్‌లో, సగం పైథాన్‌లో ఉంది. పోస్ట్‌గ్రెస్ డెడ్‌లాక్‌ను పట్టుకునేది తన తాళాల కోసం ఇద్దరు ఒకరికొకరు ఎదురుచూసినప్పుడే. ఇక్కడ దాని దృష్టిలో ఎదురుచూసేది ఒక్కరే, కనుక అది జోక్యం చేసుకోదు. ఆ రోజే జి లోని సెషన్‌ను ప్రస్తుత పనిలోని సెషన్‌కు ఒక వంతెనగా మార్చాము. ఎటునుంచి అడిగినా ఒకే వస్తువు వస్తుంది. నిజానికి మొదటి రోజున, మొదటి వ్యూను మార్చకముందే వేయవలసిన వంతెన అది.

కంటైనర్‌ను నేరుగా అడిగి వస్తువు తీసుకోవడాన్ని అప్లికేషన్ కోడులో నిషేధించాము. అలా తీసుకోవడం మొదలైతే సిగ్నేచర్ మళ్లీ మౌనమవుతుంది, పాత జి కొత్త పేరుతో తిరిగి వస్తుంది. టెస్టుల్లో ఒక టైపుకు బదులు మరొక ప్రొవైడర్‌ను ఆ టెస్టు వరకే పెట్టే వీలు ఉంది. ఎస్సెమ్మెస్ పంపే టైపుకు టెస్టుల్లో మామూలుగా నమోదయ్యేది, అడగగానే ఎర్రర్ ఇచ్చే ప్రొవైడర్ మాత్రమే. ప్రత్యామ్నాయం ఇవ్వని టెస్టు, ఆ టైపు కోరే వ్యూను తాకగానే ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం జరిగినది మళ్లీ జరగాలంటే ఎవరో కావాలని కోడు రాయాలి.

పాత పద్ధతిలో ఉన్న వ్యూలు ఇంకా కొన్ని ఉన్నాయి, వేరే పని మీద వాటిని తెరిచినప్పుడల్లా మారుస్తున్నాము. సరుకు బదిలీ వ్యూను గత వారం మార్చినప్పుడు దాని సిగ్నేచర్‌లో తొమ్మిది పారామీటర్లు తేలాయి. అవన్నీ మునుపూ ఉన్నవే, కనిపించేవి కావు. బిల్లు, రవాణా, నోటీసు అనే మూడు పనులు ఆ ఒక్క ఫంక్షన్‌లో ఉన్నాయి. ముందుగా నోటీసును విడదీస్తున్నాము.